ఇరవై అంటే ఎంత

వెల్డింగ్ షెడ్డు, రైలు గేటు పక్క వీధి
సోమవారం, టీ వేళ

వదినా,

ముందు కూర్చో. కూర్చున్నావా? ఇప్పుడు చదువు. టైటానియం నా చేతికిచ్చారు!

అవును, నాకే. పెద్దమేస్త్రికి కళ్ళు మసకబారి పని మానేసి కూతురింటికి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక ఆ లోహం జోలికి వెళ్ళే దమ్ము షెడ్డులో ఎవరికీ లేదు. ఇనుమైతే ఎవరైనా అతుకుతారు. ఇది అలా కాదు, వేడి మీద ఉండగా గాలి తగిలిందో ఇక అంతే సంగతులు. అందుకే అతికినంతసేపూ పైనుంచి ఒక ధార, గొట్టం లోపల ఇంకో ధార, రెండు వైపులా ఆర్గాన్ గ్యాసు పారుతూ ఉండాలి. ఓనరు అందరి మొహాలూ చూశాడు. అందరూ నేల చూశారు. చివరికి నావైపు తిరిగి, నువ్వు చేస్తావా అన్నాడు. ఆయన మాట పూర్తయ్యేలోపే తల ఊపేశాను.

ఏం చేస్తున్నానో తెలుసా? పందెంలో పరిగెత్తే చక్రాల కుర్చీ. వెనక రెండు పెద్ద చక్రాలు, ముందుకి పొడుగ్గా ఒక గొట్టం, దాని కొసన చిన్న చక్రం. దాన్ని తోలే అమ్మాయిని మైదానంలో అందరూ తూనీగ అంటారు. కాళ్ళు పనిచేయవు గానీ ఆ చేతులు చూడాలి వదినా! తను కొలతలివ్వడానికి వచ్చిన రోజు మా షెడ్డులో కండలు తిరిగిన మగాళ్ళంతా చొక్కా చేతులు కిందికి లాక్కున్నారు. ఇన్నాళ్ళూ అరువు కుర్చీలో పందెం ఆడింది. తన కొలతకి తయారవుతున్న మొదటి కుర్చీ ఇదే. వచ్చే నెలలో పెద్ద పందెం.

ఇక అసలు ముచ్చట. నా అతుకు ఎలా వచ్చిందనుకున్నావు? నీలం, ఊదా, మధ్యలో సన్నగా బంగారు చార. అచ్చం నెమలి మెడే. షెడ్డంతా పని ఆపి వచ్చి చూసింది. పెద్దమేస్త్రి అతుకులు ఎప్పుడు చూసినా వట్టి వెండి రంగు, బోసిగా ఉండేవి. నావి ముస్తాబై బయల్దేరినట్టున్నాయి.

మీటర్లు కూడా కొత్తవే. పాత వాటి గాజు పగిలితే ఓనరు రెండు తెచ్చాడు. గాజు గొట్టంలో చిన్న బంతి తేలుతూ ఉంటుందే, ఆ రకం. పెద్దమేస్త్రి చెప్పినట్టే పెట్టాను, పైన ఇరవై, లోపల పది. ఆయన మాట ఎప్పుడూ అంతే, "ఇరవై పెట్టు, పది పెట్టు". మీటర్లు పరీక్షించే వదిన ఉన్నదాన్ని, బంతిని గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టాను.

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ షెడ్డు ఫోను ఓనరు బల్ల మీద ఉంటుంది, ఆయన ముందు ఇంత గట్టిగా సంతోషపడితే బాగుండదు. వెంటనే రాయి. పొగుడుతూ రాయి.

నీ మరదలు

*

మీటర్ల పరీక్ష గది, రెండో అంతస్తు
గురువారం

నిప్పురవ్వా,

నీ ఉత్తరం మీ అన్నయ్య నా చేతిలోంచి లాక్కుని గుమ్మంలో నిలబడి పైకి చదివాడు. మా చెల్లెలికి టైటానియం వచ్చిందని ఎదురింటావిడకి కేకేసి మరీ చెప్పాడు. ఆవిడ అదేదో జబ్బనుకుని, ఇప్పుడు అన్నిటికీ మందులున్నాయిలే బాబూ అని ఓదార్చింది.

నాకూ గర్వంగానే ఉంది. అది ముందు రాస్తున్నాను, ఎందుకంటే ఇకనుంచి తిట్లు.

ఆ నెమలి మెడ ఉంది చూశావూ, అది అందం కాదే తల్లీ. ఎదురింటావిడ అన్నదే నిజం, అది జబ్బు. లోహం వేడి మీద ఉండగా గాలి పీల్చిందని అర్థం. అతుకు వెండిలా మెరిస్తే భేషుగ్గా ఉన్నట్టు. లేత గడ్డి రంగు వస్తే సర్దుకోవచ్చు. నీలం దాకా వెళ్ళిందంటే పెళుసు. టైటానియం పని చేసేవాళ్ళ మీటర్లు మా గదికి పరీక్షకి వస్తుంటాయి. నీలం కనబడితే వాళ్ళు ఆలోచించరు, కోసి పారేస్తారు. మీ పెద్దమేస్త్రి అతుకులు బోసిగా ఉన్నాయన్నావే, ఆయన్ని తలుచుకుని లెంపలేసుకో.

ఇప్పుడు చెప్పు. ఇరవై అంటే ఎంత? ఇరవై ఏమిటి? లీటర్లా, అడుగులా, కుంకుడుకాయలా? నిమిషానికా, గంటకా? వట్టి అంకె చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా గదిలో ఎవరైనా అలా అంటే నేను పలకను కూడా పలకను.

మీ పాత మీటరు మీద గంటకి ఘనపుటడుగులు అని ఉండి ఉంటుంది. ఆ కాలంవన్నీ అంతే. కొత్తవాటి మీద నిమిషానికి లీటర్లు. ఘనపుటడుగంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న డబ్బా. అందులో ఇరవై ఎనిమిది లీటర్ల పైచిలుకు పడుతుంది. అలాంటి డబ్బాలు ఇరవై అంటే ఐదువందల అరవై ఆరు లీటర్లు, అదీ గంటకి. అరవైతో భాగిస్తే నిమిషానికి తొమ్మిదిన్నర, ఇంకా సరిగ్గా చెప్పాలంటే చిటికెడు తక్కువ. నువ్వు పంపింది నిమిషానికి ఇరవై. ఆయన పంపినదానికి రెట్టింపు దాటింది.

ఎక్కువ గ్యాసు పోతే ఇంకా మంచిదేగా అంటావు. నిన్ను నాకు తెలీదా. కుళాయి కొంచెమే తిప్పు, నీళ్ళు నున్నగా కడ్డీలా జారతాయి. పూర్తిగా తిప్పు, చిమ్ముతాయి, నురగ కడతాయి. ఆ నురగలో ఉన్నది గాలే కదా. నీ ఆర్గాన్ కూడా అలాగే చిమ్మి, పక్కనున్న గాలిని లోపలికి లాక్కొచ్చింది.

గుర్తు పెట్టుకునే కిటుకు చెబుతాను. పాత అంకెని సగం చెయ్యి, అందులోంచి ఒక చిటికెడు తీసెయ్యి. పైన తొమ్మిదిన్నర లోపు, లోపల ఐదు లోపు, నాలుగూ ముప్పావు అనుకో. ఎలాగూ అవి చేయి తిరగడానికి వేసిన ముక్కలే కదా, చెత్తబుట్టలో వేసి కుర్చీ మొదలుపెట్టు.

వదిన

*

షెడ్డు
శనివారం

వదినా,

అవి ముక్కలు కావు.

కుర్చీయే. పొడుగు గొట్టం ఇరుసుని కలిసేచోట, బరువంతా పడేచోట, ఆ నీలం అతుకు వేశాను. ముక్కల మీద వేసినప్పుడు కూడా అవే రంగులొచ్చాయి, చూసి మురిసిపోయి ఆగలేకపోయాను. నీకు రాసేనాటికే కుర్చీ తూనీగ చేతిలో ఉంది, రోజూ మైదానంలో తోలుతోంది. నీకు ఎందుకు చెప్పలేదంటే, చేయి తిరక్కముందే కుర్చీ ముట్టుకున్నానని తిడతావని. వట్టి ఆ భయంతోనే.

నీ ఉత్తరం షెడ్డు గుమ్మంలోనే విప్పాను. "పెళుసు" అన్న మాట దగ్గరే ఉత్తరం జేబులో కుక్కాను. కళ్ళద్దాలు, చేతి తొడుగులు అన్నీ వేసుకునే మైదానానికి పరిగెత్తాను. తను అప్పుడు మలుపు తిరుగుతోంది, ఎంత వేగమంటే చక్రాల పుల్లలు కనబడట్లేదు. దారికి అడ్డంగా నిలబడి చేతులూపాను. ఆగింది. దిగమన్నాను. ఎందుకంది. చెప్పాను.

తిట్టింది వదినా. పందెం ముందు కుర్చీ లాక్కుంటావా, నీకిష్టమొచ్చినప్పుడు ఇచ్చి ఇష్టమొచ్చినప్పుడు తీసుకోవడానికి ఇది బొమ్మా అంది. ఆ రంగులు తనకి చాలా నచ్చాయట. స్నేహితులందరికీ చూపించుకుందట. నేను కుర్చీ తోసుకుంటూ వస్తుంటే తన పాత అరువు కుర్చీలో కూర్చుని నావైపు చూడను కూడా చూడలేదు.

ఓనరు ఇంకో రకం. ఇంత హడావిడి ఎందుకు, తీగ బ్రష్షుతో గీకితే రంగు పోతుంది, వెండిలా మెరుస్తుంది, ఎవడికి తెలుస్తుంది అన్నాడు. తెలిసేది ఎవడికో కాదు, కూర్చునే అమ్మాయికి అన్నాను. నువ్వే పాడుచేసి నాకే నీతులా అన్నాడు. చివరికి వచ్చే శనివారం దాకా గడువిచ్చాడు. ఈలోగా మచ్చలేని అతుకు వేసి చూపిస్తే సరే, లేకపోతే గీకి ఇచ్చేస్తాడు.

నీ లెక్క ప్రకారం పెట్టి ముక్క మీద వేశాను. పైన వెండి! అద్దంలో చూసుకోవచ్చు. ఎగిరి గంతేశాను. తర్వాత రంపంతో నిలువునా కోసి లోపల చూశాను. లోపల సిరా ఒలికినట్టుంది. ఇదివరకటికంటే ఎక్కువ నీలం. నీ నాలుగూ ముప్పావు వల్ల ఇంకా పాడైంది మహాతల్లీ. లెక్కల వదినా, ఇప్పుడేమంటావు?

భయంగా ఉంది. తొందరగా రాయి.

*

పరీక్ష గది
సోమవారం, కార్డు మీద

ఏమీ అతకొద్దు. దేన్నీ ముట్టుకోవద్దు. లోపలి మీటరు ఎక్కడిది? గాజు అడుగున, ఇత్తడి మీద, చిన్న అక్షరాలేమైనా ఉన్నాయా? తుడిచి చూసి ఉన్నదున్నట్టు రాయి. తూనీగని ఆపినందుకు నిన్ను తిట్టడం వాయిదా వేశాను.

వదిన

*

షెడ్డు
బుధవారం, కార్డు

కొత్తదనుకున్నాను, కాదు. మూతపడిన వేరే షెడ్డు నుంచి ఓనరు తెచ్చాడట, పైన రంగు పూయించి. కిరసనాయిలుతో తుడిస్తే ఇత్తడి మీద ఉన్నది ఇదీ: "హీలియం, నిమిషానికి లీటర్లు". అయితే ఏం? లీటరు లీటరే కదా?

*

పరీక్ష గది
గురువారం

కాదు! లీటరు లీటరే గానీ ఆ మీటరుకి కాదు!

కార్డు చదవగానే కుర్చీలోంచి లేచి కేక వేశాను. గదిలో అందరూ గ్యాసు లీకైందనుకుని కిటికీలు తెరిచారు.

విను. ఆ మీటరు లీటర్లు లెక్కపెట్టదు. దానికి తెలిసిందల్లా ఒక్కటే, బంతి ఎంత ఎత్తుకి లేచిందని. హీలియం తేలిక గ్యాసు, బంతిని లేపాలంటే చాలా పారాలి. ఆర్గాన్ దానికి పదింతల బరువు, కొంచెం పారితే చాలు బంతి లేచి కూర్చుంటుంది. నువ్వేమో హీలియానికి గీసిన గీతల మీద ఆర్గాన్ చదువుతున్నావు. పదింతలు కదా అని పదితో భాగించకు, పదికి వర్గమూలం తీసుకోవాలి. మూడు మీద కొంచెం. అంటే నీకు కనిపించే అంకెలో మూడో వంతు కూడా గొట్టంలోకి వెళ్ళట్లేదు. నా మాట విని నాలుగూ ముప్పావు పెట్టావు, వెళ్ళింది ఒకటిన్నర. మొదట పది పెట్టినప్పుడే నయం, మూడైనా వెళ్ళింది. అందుకే నా లెక్కతో ఇంకా నీలమైంది.

తప్పు నాదే. ఇరవై ఏమిటని నీ మీద ఒంటికాలి మీద లేచానా, ఏ గ్యాసు మీటరని నేను అడిగానా? పొద్దస్తమానం చేసే పని ఇదే. ఏ మీటరు వచ్చినా మొదట అడిగేది ఏ గ్యాసుకి గీశారని, తర్వాతే మిగతావి. ఇంట్లో మనిషి రాసేసరికి ఉత్సాహం కొద్దీ లెక్క చెప్పేశాను. సిగ్గుగా ఉంది. మీ అన్నయ్యకి తెలిస్తే వారం రోజులు ఇదే చెప్పుకుని నవ్వుతాడు. నవ్వనీ.

మనక్కావలసింది అసలు నాలుగూ ముప్పావు. దాన్ని మూడు మీద కొంచెంతో హెచ్చవేస్తే పదిహేను. లోపలి మీటరు బంతిని పదిహేను మీద నిలబెట్టు. పై మీటరు అలాగే తొమ్మిదిన్నర లోపు ఉంచు, దాని మీద ఆర్గాన్ అని ఉందో లేదో ఒకసారి తుడిచి చూసుకున్నాకే. నేను చెప్పాను కదా అని నమ్మకు. ముక్క మీద వెయ్యి, కోసి లోపల చూడు, అప్పుడు నమ్ము.

మీ పోస్టాఫీసు మీద నమ్మకం లేక ఈ ఉత్తరం మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. మీ అన్నయ్య స్నేహితుడే, రైలు గేటు దగ్గర ఆపుతాడు.

వదిన

*

షెడ్డు
ఆదివారం

వదినా వదినా వదినా,

వెండి! పైనా వెండి, లోపలా వెండి! కోసిన ముక్కని ఎండలోకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశాను, ఎక్కడా ఒక్క నీలపు చుక్క లేదు. పై మీటరు మీద ఆర్గాన్ అనే ఉంది. ఒక ముక్క చాలదని ఇంకోటి, అదీ చాలదని మరోటి వేశాను. బోసి అతుకులంటే ఇంత అందంగా ఉంటాయని ఇప్పుడే తెలిసింది.

శనివారం ఓనరుకి చూపించాను. బాగుంది గానీ కుర్చీని మళ్ళీ కోయడం ఎందుకు, అది గీకేసి ఇచ్చేద్దాం, పందెం దగ్గరపడింది అన్నాడు. ఆ సమయానికే తూనీగ వచ్చింది, నాకు కుర్చీ కావాలి, వాదనలు వద్దు అంటూ. ఇద్దరూ ఒకటైపోయారు. ఇక మాటలతో పని జరగదని రంపం తీసుకుని వాళ్ళ కళ్ళముందే కుర్చీలోంచి ఆ నీలం అతుకుని కోసేశాను. ఓనరు నా ఉద్యోగం అప్పటికప్పుడు రెండుసార్లు పీకేశాడు.

కోసిన ముక్కని బ్రష్షుతో గీకాను. నీలం పోయింది, మెరిసింది. చూడండి, ఇప్పుడు బాగుంది కదా అన్నాను. ముక్కని బల్లకున్న ఇనప పట్టులో బిగించి, పొడుగాటి ఇనప గొట్టం తొడిగి, దాని కొస తూనీగ చేతికిచ్చాను. వంచమన్నాను. నావైపు కోపంగా చూస్తూనే ఒక్కసారి లాగింది.

పుటుక్కుమంది. బిస్కెట్ విరిగినట్టు. తను పూర్తి బలం పెట్టను కూడా లేదు.

తను విరిగిన చోటు వేలితో తడిమి చూసుకుంది. దాని మీదే కదా ఇన్నాళ్ళూ కూర్చుని అంత వేగంగా మలుపులు తిరిగింది. మొహం పాలిపోయింది. కాసేపటికి, "కొత్తది ఎప్పటికిస్తావక్కా?" అంది. అక్కా అనడం అదే మొదటిసారి.

కొత్త అతుకుని కూడా వంచి చూస్తావా అని అడిగాను. వద్దంది, దాన్ని మైదానంలోనే చూస్తానంది. ఓనరు గొంతు సవరించుకుని, సోమవారానికల్లా అవుతుందమ్మా అన్నాడు. అంటే నా ఉద్యోగం తిరిగొచ్చినట్టే అనుకుంటున్నాను, ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఇంకో సంగతి. గోడ మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాలతో రాశాను: ఏ గ్యాసు, ఎన్ని లీటర్లు, నిమిషానికా గంటకా. అది చెప్పకుండా అంకె పలికినవాళ్ళకి ఆ పూట టీ లేదు. మొదటి రోజే ఓనరుకి టీ దక్కలేదు.

నిప్పురవ్వ

*

పరీక్ష గది
బుధవారం

నా బంగారు రవ్వా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి "పుటుక్కుమంది" దగ్గర ఆగిపోయాను. మీ అన్నయ్య ఏమైందని అడిగితే చెప్పలేక ఉత్తరం అందించాను. ఈసారి గుమ్మంలోకి వెళ్ళలేదు, కూర్చుని చదివాడు. తర్వాత, మా చెల్లెలికి రంపం ఇవ్వడం ప్రమాదం అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూనే అన్నాడు.

పందెం రోజు నాకు సెలవు దొరకదు. ఏమైందో అదే రోజు రాయి. గెలుపోటముల సంగతి తర్వాత, ముందు అతుకు ఎలా ఉందో రాయి.

వదిన

*

పందెం మైదానం, మెట్ల మీద కూర్చుని
ఆదివారం

వదినా,

ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే క్షమించు.

మొదట్లోనే తూనీగ మూడో స్థానంలో ఉంది. సగం దూరానికి రెండోదైంది. ఓనరు నా పక్కనే నిలబడి గొంతు చించుకున్నాడు, టోపీ ఎక్కడ పోయిందో ఆయనకే తెలీదు. చివరి మలుపులో వెనకనుంచి వస్తున్న కుర్చీ పక్కకి జారి వచ్చి తూనీగ ముందు గొట్టాన్ని గుద్దింది. సరిగ్గా నా అతుకు పక్కనే. కుర్చీ ఒక చక్రం మీద లేచి పల్టీ కొట్టింది. నేను అరిచానో లేదో తెలీదు. కంచె దూకి పరిగెత్తాను, మోకాలు చీరుకుపోయిందని ఇప్పుడు చూసుకుంటున్నాను.

నేను చేరేసరికి నిర్వాహకులు కుర్చీని లేపి నిలబెట్టారు. ఈ పందెంలో అలా లేపి నిలబెడితే మళ్ళీ తోలుకుంటూ వెళ్ళొచ్చట. ముందు గొట్టం వంగిపోయింది వదినా, ఇంత మందం గొట్టం విల్లులా వంగింది. తూనీగ మోచేయి చెక్కుకుపోయింది. నావైపు చూడలేదు, ఎవరివైపూ చూడలేదు. చక్రాలు పట్టుకుని తోసింది. కుర్చీ ఎడమకి లాగుతుంటే కుడి చేత్తో సర్దుకుంటూ, పీతలా పక్కకి నడుస్తున్నట్టు వెళ్ళింది. అందరికంటే ఆఖరున గీత దాటింది. మైదానమంతా లేచి నిలబడింది. గెలిచినమ్మాయికి కూడా అంత చప్పట్లు పడలేదు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని కుర్చీ కింద చూశాను. దుమ్ము తుడిచాను. అతుకు చుట్టూ వేలు తిప్పాను. గొట్టం వంగింది గానీ అతుకు వదల్లేదు. ఒక్క బీట లేదు. వేసిన రోజు ఎలా మెరిసిందో అలాగే ఉంది.

ఏడ్చేశాను. దాచుకోవడం దేనికి, అందరి ముందూ గట్టిగానే ఏడ్చాను. తూనీగ నా చేతి మీద చెయ్యి వేసి, ఆయాసం తగ్గేదాకా ఆగి అంది: "అక్కా, ఇది ఆ నీలంది అయ్యుంటే, నేనిప్పుడు నీతో మాట్లాడుతూ ఉండేదాన్ని కాదు."

తర్వాత నవ్వి, గొట్టం మార్చు గానీ ఈ అతుకు మాత్రం ముట్టుకోకు, అలాగే ఉంచు అంది. అతుకు కోయకుండా గొట్టం మార్చడం కుదరదు. ఆ సంగతి తనకి రేపు చెబుతాను. కోసి మళ్ళీ వేస్తాను వదినా, ఇప్పుడు నాకు భయం లేదు.

నీ మరదలు